తలకు రాసుకున్నవీ, ఒంట్లో లేనివీ

(పామర్రులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మనం కట్నాల కేసుల గురించి, కూలి రేట్ల గురించి, బెల్టు షాపుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను లేచి జుట్టు ఊడటం గురించి మాట్లాడతాననగానే వెనక వరసలో నవ్వులు వినిపించాయి. నవ్వండి, ఫరవాలేదు. నేను కొమరవోలు, కురుమద్దాలి, జుజ్జవరం ఊళ్ళలో ఆరోగ్యం పని మీద తిరగబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఏ ఇంటికి వెళ్ళినా నడుము నొప్పి గురించి అరుగు మీద కూర్చునే చెబుతారు. తెల్లబట్ట గురించి లోపలికి తీసుకెళ్ళి చెబుతారు. జుట్టు సంగతి మాత్రం నేను బయల్దేరాక, గేటు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి అడుగుతారు. "అక్కా, దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. ఏం రాయమంటావు?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఏం రాయాలనే అడుగుతారు తప్ప ఎందుకు ఊడుతోందని అడిగినవాళ్ళు నాకు దాదాపు తగల్లేదు. ఈ ఒక్క తేడా దగ్గరే మన డబ్బూ, మన ఆరోగ్యమూ రెండూ పోతున్నాయని నా అభిప్రాయం. అందుకే ఈ పూట మాట్లాడతానని నిర్వాహకులను అడిగి మరీ సమయం తీసుకున్నాను.

2017 నుంచీ నా తలకు నేను రాసుకున్నవాటి లెక్క ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఏ రోజు మొదలుపెట్టాను, ఎంత ఖర్చయింది, ఎన్నాళ్ళు వాడాను, ఏమైంది అన్నీ అందులో ఉన్నాయి. ఆరోగ్య కార్యకర్తకు రిజిస్టరు రాయడం అలవాటే కదా, నాకు నేనే ఒక కేసునని ఒక పేజీ తెరిచాను. నా చెల్లెలు నెలకొకసారి నా పాపిడి ఫోనులో ఫొటో తీసేది. అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో తీయాలని నా పట్టుదల. అద్దంలో చూసుకుంటే మనసుకి కావలసిందే కనపడుతుంది. ఫొటో ఆ దయ చూపదు.

2017 వానాకాలంలో నాకు డెంగీ జ్వరం వచ్చింది. తగ్గి పనిలో పడ్డాక, సరిగ్గా మూడో నెలలో జుట్టు రాలడం మొదలైంది. తలంటు పోసుకుంటే తూము మూసుకుపోయేది. మా వీధిలో ఒక పెద్దావిడ మందార పూలూ, మెంతులూ, గుంటగలగరాకూ వేసి కొబ్బరి నూనె కాచి ఇచ్చింది. ప్రేమగా ఇచ్చింది, పైసా పుచ్చుకోలేదు. వారానికి మూడుసార్లు రాశాను. నాలుగు నెలలకు రాలడం ఆగింది. నుదుటి దగ్గర పిల్ల వెంట్రుకలు మొలిచాయి. ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు. ఊరంతా ఆ నూనె మహిమ గురించి చెప్పింది.

అయితే అదే వానాకాలంలో, అదే వీధిలో నాతో పనిచేసే ఇంకో అమ్మాయికీ డెంగీ వచ్చింది. నాలాగే మూడో నెలలో ఆమెకూ జుట్టు ఊడింది. ఆమెకు నూనె వాసన పడదు, ఏమీ రాయలేదు. నాకు తిరిగి వచ్చిన నెలలోనే ఆమెకూ తిరిగి వచ్చింది. మా ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎవరు నూనె రాశారో ఫొటో చూసి చెప్పలేరు.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. నూటికి ఎనభై అయిదు, తొంభై వరకూ పెరిగే దశలో ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. ఆ విశ్రాంతి సుమారు మూడు నెలలు. అది అయ్యాక అవి రాలిపోయి వాటి చోట కొత్తవి వస్తాయి. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషను, ఉపవాసాలు, పెద్ద దిగులు, వీటిలో ఏది తగిలినా పెరుగుతున్న వెంట్రుకలు ఒక్కుమ్మడిగా విశ్రాంతిలోకి పోతాయి. మూడు నెలలకు అన్నీ కలిసి రాలతాయి. టైఫాయిడ్ తర్వాత, డెంగీ తర్వాత, కోవిడ్ తర్వాత మనం చూసింది ఇదే. బాలింతలకు మూడో నెలలో ఊడితే "బిడ్డ నవ్వడం మొదలుపెట్టింది, అందుకే తల్లి జుట్టు ఊడుతోంది" అంటారు మనవాళ్ళు. బిడ్డ మీద నింద వెయ్యకపోతే ఆ నెల లెక్క సరైనదే. ఈ రకం ఊడుడు ఆరునెలలకో, ఏడాదిలోపో దానంతట అదే సర్దుకుంటుంది.

జుట్టు నూనెల వ్యాపారమంతా ఈ ఆరునెలల మీదే నడుస్తోంది. భయపడి మూడో నెలలో సీసా కొంటాం. ఏడో నెలలో జుట్టు వస్తుంది. పేరు సీసాకి పోతుంది. "నాకు పనిచేసింది" అని మనం చెప్పే మాట అబద్ధం కాదు, మనం చూసిందే చెబుతున్నాం. దాన్ని నమ్ముకుని రెండో మనిషి కొంటుంది. ఆమెకు ఊడేది వేరే కారణంతో. ఆమెకు పని చెయ్యకపోతే "నేను సరిగ్గా రాయలేదేమో" అని తననే అనుకుంటుంది.

కొబ్బరి నూనెను నేను తీసిపారెయ్యడం లేదు. అది వెంట్రుక లోపలికి ఇంకి, తలంటు పోసుకున్నప్పుడు వెంట్రుకలోని ప్రోటీను పోకుండా కాస్త కాపాడుతుందని 2003లో ఒక నూనె కంపెనీ పరిశోధకులే ప్రచురించారు. అంటే పొడవునా ఉన్న వెంట్రుక చిట్లకుండా అది కాస్త అడ్డం పడుతుంది. కుదురు నుంచి ఊడేదాన్ని ఆపుతుందని ఆ పరిశోధన చెప్పలేదు. మన దివిసీమ వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళు పోసుకుంటే జుట్టు పీచులా తయారై మధ్యలో తెగుతుంది. అక్కడ కొబ్బరి నూనె పనికొస్తుంది. తెగిందా, ఊడిందా అని తెలుసుకోవడం కష్టం కాదు. రాలిన వెంట్రుకను తెల్ల గుడ్డ మీద పెట్టి చివర చూడండి. చివర చిన్న తెల్ల గుబ్బ ఉంటే కుదురు నుంచి ఊడింది. లేకపోతే తెగింది. కొమరవోలులో ఒక మధ్యాహ్నం పన్నెండు మందిమి కూర్చుని ఈ పరీక్ష చేశాం. అయిదుగురివి తెగినవే. "నీళ్ళు మారి ఊడుతోంది" అనుకున్న మిగతా ఏడుగురివీ కుదురు నుంచి వచ్చినవి. వాళ్ళతో మాట్లాడాల్సింది నీళ్ళ గురించి కాదని అప్పుడు తెలిసింది.

నా సంగతికి వస్తాను. 2021 చివర, నాకు నలభై ఆరేళ్ళప్పుడు, పాపిడి వెడల్పవడం మొదలైంది. ఈసారి జ్వరం లేదు, కాన్పు లేదు. కుచ్చులుగా ఊడటం లేదు. మెల్లగా, చప్పుడు లేకుండా, నడినెత్తి మీద మాడు కనపడసాగింది. బడికెళ్ళే మా అక్క మనవరాలు "అమ్మమ్మా, నీ పాపిడి పెద్ద రోడ్డయింది" అంది. మన పామర్రు సెంటర్లో జాతీయ రహదారి వెడల్పు చేస్తున్నప్పటి మాట అది.

అప్పుడు ఉల్లిపాయ రసం మొదలుపెట్టాను. ఎందుకంటే దాని మీద నిజంగా ఒక పరిశోధన ఉంది. 2002లో బాగ్దాదు డాక్టర్లు ఉల్లిరసం రోజుకు రెండుసార్లు పూయించి చూశారు. ఇరవై ముగ్గురిలో ఇరవై మందికి ఆరువారాల్లో వెంట్రుకలు వచ్చాయి, ఉత్త నీళ్ళు రాసిన పదిహేను మందిలో ఇద్దరికే వచ్చాయి. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. అయితే అది పేనుకొరుకుడు ఉన్నవాళ్ళ మీద చేసిన పరీక్ష, పైగా చాలా చిన్నది. ఫోనుల్లో వచ్చే వీడియోల్లో ఈ మాట చెప్పరు. పాపిడి వెడల్పయ్యే రకానికి పనిచేస్తుందో లేదో నా తల మీదే చూద్దామనుకున్నాను. ఏడు వారాలు రాశాను. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండేది, అదొక్కటే లాభం. మాడు దురద పుట్టింది. ఏడో వారం ఫొటోకూ మొదటి వారం ఫొటోకూ తేడా లేదు. పుస్తకంలో "లేదు" అని రాసి ఆపేశాను.

తర్వాతది ఒక సీరం. ఊరు, పేరు చెప్పను. అందంగా అలంకరించిన గది, గోడనిండా ముందూ తర్వాతా ఫొటోలు. పదినిమిషాలు నా తల చూశారు. 1,800 రూపాయలు తీసుకుని చిన్న సీసా ఇచ్చారు. సీసా మీద గులాబీ రంగు కాగితం, దాని మీద వాళ్ళ పేరు మాత్రమే. అందులో ఏముందని అడిగాను. "మా సొంత ఫార్ములా మేడం" అన్నారు. తయారీ లైసెన్సు నెంబరు ఏదన్నాను. "అందరూ వాడుతున్నారు మేడం" అన్నారు. రెండో రోజు రాత్రికి మాడు మంట, చెవుల వెనక ఎర్రగా పొక్కులు. తిరిగి వెళ్ళి అడిగితే ఇంకో ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టారు. ట్యూబు వెనక సన్న అక్షరాల్లో చూస్తే అది స్టిరాయిడ్. తీసుకోకుండా వచ్చేశాను. అక్కచెల్లెళ్ళారా, స్టిరాయిడ్ పూత మందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన పెట్టింది. అవి మంట తగ్గిస్తాయి, అందుకే మనకు నచ్చుతాయి. నెలల తరబడి ఇష్టం వచ్చినట్టు రాస్తే చర్మం పలచబడిపోతుంది.

2023లో విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ నా తల వంక చూసే ముందు మూడు ప్రశ్నలు అడిగింది. నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది? గుడ్డలు ఎన్నిసార్లు మార్చాల్సి వస్తోంది? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?

ఏడెనిమిది చోట్ల నా తల చూపించుకున్నాను. నూనె ఇచ్చినవాళ్ళు, సీరం ఇచ్చినవాళ్ళు, మందుల షాపువాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు నా నెలసరి గురించి అడగలేదు. అప్పటికి రెండేళ్ళుగా నాకు పన్నెండు రోజులు రక్తం పోతోంది. ముట్లుడిగే వయసులో ఇది మామూలేనని నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ అన్నారు. పరీక్ష చేస్తే రక్తం 8.6. థైరాయిడ్ బాగానే ఉంది. స్కానింగులో గర్భసంచిలో చిన్న గడ్డ ఉందని తేలింది. మన జిల్లాలో ఈ మాట వినగానే గర్భసంచి తీయించేసుకోమనేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఆ డాక్టరమ్మ అలా అనలేదు. ఆడవాళ్ళ డాక్టరు దగ్గరకు పంపింది. రక్తస్రావం తగ్గడానికి మాత్రలు, ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఐరన్ నిల్వ తగ్గితే శరీరం ముందు గుండెకూ, మెదడుకూ సర్దుతుంది, వెంట్రుకల వంతు ఆఖర్న వస్తుంది. అన్నం గిన్నెలో ఆఖరున మిగిలింది తినే మనకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఈ హాల్లో ఉన్నవాళ్ళను ఆ లెక్కన పంచుకుని చూడండి. రక్తహీనత ముక్త భారత్ అని 2018లో పథకం పెట్టారు. గర్భిణులు కాని ఆడవాళ్ళకు కూడా వారానికొక ఐరన్ మాత్ర ఇవ్వాలని అందులో ఉంది. మీలో ఎంతమందికి ఆ మాత్ర చేతికొచ్చింది? నెత్తికి నూనె ఎంతమంది కొన్నారు? ఈ రెండు ప్రశ్నలూ మీ మీ సంఘాల్లో అడిగి, వచ్చిన అంకెలు రాసుకుని, పి.హెచ్.సి. సమావేశంలో పెట్టండి.

డాక్టరమ్మ ఐరన్‌తో పాటు మినాక్సిడిల్ అనే పూత మందు రాసింది. దీని గురించి అందరూ వినే ఉంటారు. మొదట రక్తపోటుకు మాత్రగా వచ్చింది. మింగినవాళ్ళకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తల మీద పూసే మందుగా తయారుచేశారు. అమెరికాలో 1988లో మగవాళ్ళకు, 1991లో ఆడవాళ్ళకు అనుమతించారు. పాపిడి వెడల్పయ్యే రకానికి పరీక్షల్లో గట్టిగా నిలబడిన పూత మందు ఇదే. కాని దీని గురించి అమ్మేవాళ్ళు చెప్పని సంగతులు నా పుస్తకంలోంచి చదువుతాను.

మొదటి ఆరువారాల్లో ఇంకా ఎక్కువ ఊడింది. పాతవి పోయి కొత్తవి రావడానికి అలా జరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది గనక తట్టుకున్నాను. చెప్పకపోతే మూడో వారంలోనే సీసా పారేసేదాన్ని. రాత్రి పడుకునేముందు రాస్తే దిండుకు అంటి, చెంపల మీదికి దిగి, కణతల దగ్గర నూగు వెంట్రుకలు వచ్చాయి. పడుకోవడానికి రెండు గంటల ముందు రాసి, చేతులు కడుక్కుంటే తగ్గింది. నాలుగు నెలల దాకా ఫొటోలో ఏ మార్పూ లేదు. ఆరో నెలలో పాపిడి అంచున సన్నని వెంట్రుకలు కనిపించాయి. ఏడాదికి పాపిడి కొంత ఇరుకైంది. ఇరవై ఏళ్ళప్పటి జడ రాలేదు, వస్తుందని ఎవరూ చెప్పనూ లేదు. నెలకు దగ్గర దగ్గర 500 ఖర్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని వాడకూడదు. ఈ ఒక్క మాట చీటీ లేకుండా కొనే ఆడపిల్లకు కౌంటరు దగ్గర ఎవరు చెబుతారు?

ఐరన్, మినాక్సిడిల్ రెండూ కలిపి వాడాను గనక ఏది ఎంత పనిచేసిందో మొదట్లో విడదీయడం కుదరలేదు. దానికి జవాబు అనుకోకుండా దొరికింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మనందరం అక్కడే ఉన్నాం. అన్నం పొట్లాలూ, నాప్కిన్లూ, పాలపొడీ మోసిన రోజులు. అప్పటికి నా రక్తం 11.8కి వచ్చింది, ఐరన్ కోర్సు అయిపోయింది. సీసా అయిపోయింది, కొనుక్కునే తీరిక లేదు. రెండున్నర నెలలు రాయలేదు. డిసెంబరుకల్లా వచ్చిన సన్న వెంట్రుకలు రాలి పాపిడి మళ్ళీ తెరుచుకుంది. రక్తం బాగానే ఉంది, జుట్టు మాత్రం పోయింది. అంటే ఆ వెంట్రుకల్ని పట్టి ఉంచింది మందే. వాడినన్నాళ్ళే పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి నెలకు 500 పెట్టగలమా అన్నది మొదలుపెట్టకముందే ఆలోచించాల్సిన విషయం. నేను తిరిగి మొదలుపెట్టాను, అది నా ఇష్టం. నా స్నేహితురాలు ఒకామె వద్దనుకుని జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ఆమెకు బాగుంది కూడా.

ఇక పేనుకొరుకుడు సంగతి. తల మీద రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు పోతుంది. పేరు వినగానే పేలు కొరికాయనుకుంటాం, మురికి మనిషనుకుంటాం, దువ్వెన వేరుగా పెడతాం. పేలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. మన ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే పొరపాటున వెంట్రుకల కుదుళ్ళ మీద పడుతుంది. అంటుకోదు. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది.

ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్ళో పంతొమ్మిదేళ్ళ అమ్మాయికి నిశ్చితార్థం ముందు అలాంటి మచ్చ ఒకటి కనపడింది. ఇంట్లో పెద్దవాళ్ళు గురివింద గింజ అరగదీసి రాశారు. తగ్గలేదని నల్లజీడి రసం పూశారు. గురివింద గింజలో ఉన్నది ప్రాణాలు తీసే విషం. నల్లజీడి బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేది, చర్మం మీద పడితే బొబ్బలెక్కిస్తుంది. ఆ అమ్మాయికి తల కాలిపోయి చీము పట్టింది. పేనుకొరుకుడులో కుదుళ్ళు చావవు, నిద్రపోతాయి, ఎప్పుడైనా లేస్తాయి. కాలి మచ్చ పడిన చోట కుదుళ్ళే ఉండవు. చివరికి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. మిగిలిన భాగంలో ఇంజెక్షన్లు ఇస్తే మూడు నెలల్లో వెంట్రుకలొచ్చాయి. కాలినచోట రాలేదు, రాదు. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల నాతో ఒక మాట అంది. "పిన్నీ, వాళ్ళు నా చదువు అడగలేదు, జడ విప్పి చూపించమన్నారు."

జడ విప్పి చూడటం మనకు కొత్త కాదు. పక్కనే ఉన్న కూచిపూడిలో భామాకలాపం ఆడితే సత్యభామ తెర మీద నుంచి జడ వేసి సవాలు చేస్తుంది. ఆ జడ చూడటానికి జనం విరగబడేవాళ్ళు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా వస్తే ఆడవాళ్ళు కూడా ఆ జడ చూసి అసూయపడేవాళ్ళని మా అమ్మ చెప్పేది. ఆయన మగవాడు, అది కట్టుకున్న జడ. మన ప్రాంతంలో అంత పేరు మోసిన జడ ఏ ఆడదాని తల మీదా మొలవలేదు. నవ్వులాటకి చెప్పినా అది నిజం. మన అమ్మమ్మలు సవరం పెట్టుకోవడం చాటుపని అనుకోలేదు. దువ్వెనకొచ్చిన చిక్కు వెంట్రుకలు గోడ సందులో దాచి, వీధిలోకి వచ్చినవాడికి ఇచ్చి గిన్నె తీసుకునేవాళ్ళు. తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకుని ఆడవాళ్ళు తలెత్తుకుని కొండ దిగుతారు. అదే గుండు జబ్బు వల్ల వస్తే ఇంట్లోంచి బయటికి రారు. ఆడదాన్ని అవమానించాలనుకున్నవాళ్ళు చేసేదీ ఆ గుండే. తల ఒకటే. ఎవరి ఇష్టంతో జరిగింది అన్నదాన్ని బట్టి పేరు మారుతోంది.

ఇది ఆడవాళ్ళ పిచ్చి అనుకునే మగ మిత్రులు కొందరు బయట వరండాలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. మగవాడికి బట్టతల వస్తే డబ్బొస్తుందని ఊరడిస్తారు. అయినా 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్‌లో, ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన గుండు చేసి మందు రాస్తాడంటే వందల మంది మగవాళ్ళు ఎండలో వరస కట్టారు. అంతకు ముందు నెలలోనే పంజాబ్‌లోని సంగ్రూర్‌లో బట్టతల శిబిరంలో నూనె రాయించుకున్న 60 మందికి పైగా కళ్ళు మండి, వాచి ఆసుపత్రికి పరిగెత్తారు. వాళ్ళను చూసి నేను నవ్వలేదు. మంగళవారం సంతలో అడవి మూలికల నూనె సీసా దగ్గర మనవాళ్ళు నిలబడేదీ ఆ ఆశతోనే.

మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో 2024 డిసెంబరులో మొదలై పద్దెనిమిది గ్రామాల్లో 279 మందికి కొద్దిరోజుల్లోనే జుట్టు ఊడిపోయింది. పిల్లలు బడి మానేశారు. ముందు షాంపూను అనుమానించారు, నీళ్ళను అనుమానించారు. పరీక్షలు చేస్తే వాళ్ళ రక్తంలో సెలీనియం మోతాదుకు మించి ఉందని తేలింది, రేషను గోధుమల మీదికి అనుమానం మళ్ళింది. ఊరంతటికీ ఒకేసారి ఊడింది కాబట్టి డాక్టర్లు వచ్చి రక్తం తీసి చూశారు. ఒక్కొక్కరికీ విడివిడిగా, ఒక్కో ఇంట్లో ఊడితే ఎవరూ రారు. ఆ రక్తపరీక్ష మనమే అడిగి చేయించుకోవాలి.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను, మన దగ్గర వకీలు అక్కయ్య ఉన్నారు, వివరాలు ఆవిడ చెబుతారు. 1945 నాటి ఔషధ నిబంధనల్లో షెడ్యూలు 'జె' అని ఒక జాబితా ఉంది. ఏ జబ్బుల్ని నయం చేస్తామని మందు అమ్మేవాడు చెప్పుకోకూడదో అందులో ఉంటాయి. బట్టతల, కొత్త జుట్టు మొలిపించడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు కంపెనీకే కాదు, అందులో నటించినవాళ్ళకూ పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కేరళలో త్రిస్సూర్ వినియోగదారుల ఫోరంలో ఒక మామూలు మనిషి కేసు వేస్తే, జుట్టు పెరుగుతుందని చెప్పిన క్రీము కంపెనీకీ, ప్రకటనలో కనిపించిన సినిమా నటుడికీ చెరి 10,000 రూపాయల జరిమానా పడింది. ఆ తీర్పు 2021 జనవరిలో పత్రికల్లో వచ్చింది. ఆ నటుడు తాను ఆ క్రీము సరిగ్గా వాడనే లేదని చెప్పుకున్నాడు. మన జిల్లా కమిషన్ మచిలీపట్నంలో ఉంది. అయిదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. వకీలు లేకుండా కూడా వెయ్యొచ్చు. 1915 నెంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. మందు వికటిస్తే చెప్పడానికి 1800-180-3024 ఉంది, డబ్బు పడదు. వీటన్నిటికీ కావలసింది ఒక్కటే, బిల్లూ సీసా పారెయ్యకపోవడం. సీరం సీసా నేను ఇప్పటికీ దాచాను.

ఆఖరుగా పని సంగతి. వచ్చే మూడు నెలల్లో మీ ఊళ్ళలో గేటు దగ్గర "ఏం రాయమంటావు" అని అడిగిన ప్రతి మనిషినీ వెనక్కి అరుగు మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. ఆ డాక్టరమ్మ నన్ను అడిగిన మూడు ప్రశ్నలూ అడగండి. జ్వరం వచ్చిందా, కాన్పయిందా అని వెనక్కి మూడు నెలలు లెక్కపెట్టండి. రక్తపరీక్షకు ఆశ కార్యకర్తతో కలిసి పంపండి. బిళ్ళంత మచ్చ ఉంటే నల్లజీడి ముట్టనివ్వకుండా డాక్టరుకు చూపించండి. అడిగినవాటిని ఒక కాగితం మీద రాసుకు రండి, వయసూ ఊరూ చాలు, పేరొద్దు.

ముందే చెప్పాను కాబట్టి చాలామంది ఇంట్లో ఉన్న నూనెలూ, సీరంలూ సంచుల్లో తెచ్చినట్టున్నారు. భోజనాలయ్యాక వాటిని ఆ కిటికీ దగ్గర బల్ల మీద పెట్టండి, లేబుళ్ళు కలిసి చదువుదాం. లైసెన్సు నెంబరు, తయారు చేసిన తేదీ, కలిపిన పదార్థాల పేర్లు ఉన్నవి ఒక పక్క, లేనివి ఇంకో పక్క. కళ్ళజోడు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, అక్షరాలు చాలా సన్నగా వేస్తారు.